కలల వాచీ చేతికొచ్చాక మిగిలిన పదకొండింటిని ఏం చేయాలి?

మంచుడయల్
చాలా ఏళ్లుగా మనసులో పెట్టుకున్న గ్రాండ్ సీకో స్నోఫ్లేక్, అంటే ఎస్‌బీజీఏ211, ఈ మధ్యే నా చేతికి వచ్చింది. ఆ తెల్లని గరుకు డయల్ మీద నీలి సెకన్ల ముల్లు ఎక్కడా ఆగకుండా సాగిపోతుంటే చేస్తున్న పని మరిచిపోయి చూస్తూ ఉండిపోతున్నాను. సమస్య ఏమిటంటే, అది వచ్చిన దగ్గర నుంచి మిగిలిన పదకొండింటి మీదికి నా చెయ్యి పోవడం లేదు. ఒమేగా స్పీడ్‌మాస్టర్ (లోపలి యంత్రం, అంటే మూవ్‌మెంట్, 1861; అద్దం హెసలైట్ అనే ప్లాస్టిక్), ట్యూడర్ బ్లాక్ బే 58, సీకో ఎస్‌కేఎక్స్007, నోమోస్ టాంజెంట్, కీ ఇచ్చే హామిల్టన్ ఖాకీ, చేతి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్ టిసో పీఆర్‌ఎక్స్, ఓరియంట్ బాంబినో, ఒక పాత సీకో 5, కాసియో డీడబ్ల్యూ-5600, పేరు చెప్పుకోదగ్గది కాని, బ్యాటరీతో నడిచే ఒక క్వార్ట్జ్ వాచీ, మామయ్య తన చేతి నుంచి తీసి ఇచ్చిన పాత కీ వాచీ, ఇవీ ఆ పదకొండు. వీటిలో రెండు మూడింటిని ఉంచుకుని మిగిలినవి అమ్మేద్దామని ఒకవైపు అనిపిస్తోంది. ఇది కొత్త మోజు మాత్రమేనా, నిజంగానే నా అభిరుచి ఒక చోట కుదురుకుందా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఇలాంటి స్థితి దాటి వచ్చినవారు ఏం చేశారో చెప్పగలరు.

ఐదోముల్లు
అమ్మేయండి. పెట్టుకోని వాచీకి పెట్టెలో చోటు దండుగ. బ్లాక్ బే 58, ఎస్‌కేఎక్స్ రెండూ 200 మీటర్ల నీటి రక్షణ ఉన్న డైవర్ వాచీలే. ఖాకీ, సీకో 5 రెండూ రోజువారీ సాదా వాచీలే. టాంజెంట్, బాంబినో రెండూ పెళ్లిళ్లకూ సభలకూ పెట్టుకునే డ్రెస్ వాచీలే. జంటలో ఒకటి చొప్పున తీసివేసినా మూడు తగ్గుతాయి, మీకు లోటు కూడా తెలియదు.

రాత్రిపాళీ
ఐదోముల్లు గారూ, మీ సలహా అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.
మంచుడయల్ గారికి నా మాట ఇది: కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. మోజు తగ్గేవరకు ఏదీ అమ్మకండి. పదకొండింటినీ కంటికి కనబడని చోట పెట్టి, కొన్ని నెలల తరువాత వాటిలో దేనిని వెతుక్కుంటూ వెళ్లారో చూసుకోండి. వెతుక్కున్నవి మీవి. పెట్టెలో ఉన్నాయన్న సంగతే గుర్తుకు రానివి అప్పటికే మిమ్మల్ని వదిలి వెళ్లినట్టు.

లెక్కలపుస్తకం
వేచి చూడటం ఉచితం అన్నట్టు రాత్రిపాళీ గారు చెబుతున్నారు గాని, ఉచితం కాదు. పదకొండింటిలో కాసియో, పేరులేనిది, ఈ రెండు క్వార్ట్జ్ వాచీలు తీసేస్తే తొమ్మిది మెకానికల్ వాచీలు మిగులుతాయి. సగటున ఐదేళ్లకొకసారి సర్వీసింగ్ అనుకున్నా, ఏడాదికి దాదాపు రెండు వాచీలు పని బల్ల ఎక్కాలి. బాంబినో, సీకో 5 వంటివాటికైతే సర్వీసింగ్ ఖర్చు వాటి విలువతో పోటీ పడుతుంది. ఆ డబ్బుతో అదే వాచీ కొత్తది వస్తుంది.

మరొక కోణం కూడా ఉంది. మన చేతిలో ఉన్న వస్తువుకు, అది మనదైనందువల్లనే, బయటివాళ్లు ఇచ్చే విలువ కన్నా ఎక్కువ విలువ కడతాం. ఆర్థికశాస్త్రవేత్త రిచర్డ్ థేలర్ 1980లోనే దీనికి పేరు పెట్టి వివరించారు. కాబట్టి “దీన్ని అమ్మనా వద్దా” అని అడగకండి. పెట్టె ఖాళీగా ఉందనుకుని, ఆ వాచీ ఇవాళ్టి పాత వాచీల ధరకు ఎదురుగా కనిపిస్తే డబ్బు పెట్టి కొంటారా అని అడగండి. కొననన్నదల్లా అమ్మకానికి పోవచ్చు.

కీవాచీ
ఆ పరీక్ష ట్యూడర్‌కు, టిసోకు సరిపోతుంది. మామయ్య వాచీకి ఎలా సరిపోతుంది? బజారులో అలాంటివి గంపెడు దొరకవచ్చు, ఆయన చేతి మీద అరిగినది ఒక్కటే ఉంటుంది. దానిని ఈ లెక్కలోంచే తీసేయాలి.

లెక్కలపుస్తకం
అంగీకరిస్తున్నాను. నేను కొన్న వాచీల గురించే మాట్లాడాను, ఇచ్చిన వాచీల గురించి కాదు.

ఎఫ్91
నా చేతికి కాసియో ఎఫ్-91డబ్ల్యూ ఉంది. ఆ మోడల్ 1989లో వచ్చింది, ఒక బ్యాటరీ ఏడేళ్ల దాకా నడుస్తుంది. పన్నెండు వాచీల వల్ల కలిగే బాధ ఎలా ఉంటుందో తెలుసుకోవాలన్న కుతూహలంతో చదువుతున్నాను, కొనసాగించండి.

భూతద్దం
వాచీలు బాగుచేయడం నా వృత్తి కనుక లెక్కలపుస్తకం గారి లెక్కను కొంచెం సవరిస్తాను. ఐదేళ్లకొకసారి అన్నది తరచుగా పెట్టుకునే వాచీలకు చెప్పే మాట. పెట్టెలో కదలకుండా ఉన్న వాచీలో చక్రాలు అరగవు. లోపలి నూనె కాలక్రమంలో చిక్కబడే మాట నిజమే అయినా, ఇప్పుడు వాడే సింథటిక్ నూనెలు పాతకాలపు నూనెలంత త్వరగా పాడవవు. అసలు నష్టం ఎండిపోయిన నూనెతోనే వాచీని ఏళ్ల తరబడి నడపడం వల్ల కలుగుతుంది. అలాంటి వాచీ వెనుక మూత తీసి భూతద్దం పెట్టి చూస్తే, ఇరుసు తిరిగే ఎర్రటి రాయి, అంటే జ్యూయెల్, మధ్యలో ఇరుసు మొన చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. అది నూనె, అరిగిన లోహపు పొడి కలిసిన మడ్డి. మడ్డి ఉన్నంతకాలం ప్రతి టిక్కుకూ ఇరుసు ఇంకొంత అరుగుతూనే ఉంటుంది. కాబట్టి పెట్టుకోని వాచీని ఊరికే సర్వీసింగ్‌కు ఇవ్వనక్కరలేదు, మళ్లీ రోజూ పెట్టుకోవాలనుకున్న రోజున ఇస్తే చాలు.

మూడు జాగ్రత్తలు మాత్రం తప్పవు. క్వార్ట్జ్ వాచీలో అయిపోయిన బ్యాటరీని వదిలేయకండి. అది కారితే సర్క్యూట్ మీద తెల్లగా, పచ్చగా పొక్కులు కట్టి మూవ్‌మెంట్ మొత్తం పోతుంది. డైవర్ వాచీలలో నీళ్లు చొరకుండా ఆపే రబ్బరు గాస్కెట్లు పెట్టుకున్నా పెట్టుకోకపోయినా గట్టిపడతాయి కనుక, ఏళ్ల తరబడి పక్కన పెట్టిన వాచీతో ప్రెషర్ పరీక్ష చేయించకుండా నీళ్లలో దిగకండి. ఆటోమేటిక్ వాచీలను తిప్పుతూ ఉంచే వైండర్లు తేదీ, చంద్రకళల వంటివి ఉన్న వాచీలకు సౌకర్యమే గాని, మామూలు వాచీకి అనవసరపు అరుగుదల.

బెజెల్‌బాబాయ్
భూతద్దం గారు చెప్పని నాలుగో సంగతి ఉంది. స్నోఫ్లేక్‌లో ఉన్నది స్ప్రింగ్ డ్రైవ్, అంటే స్ప్రింగుతో నడుస్తూ క్వార్ట్జ్‌తో అదుపయ్యే మూవ్‌మెంట్. దానిని మూలనున్న ఏ మరమ్మతు దుకాణంలోనూ పూర్తిగా విప్పి సరిచేయరు, తయారీదారు సర్వీస్ కేంద్రానికే పంపాలి. గ్రాండ్ సీకో మూడు నాలుగేళ్లకొకసారి ఓవర్‌హాల్ చేయించమని చెబుతుంది. అది వెళ్లి తిరిగి వచ్చేసరికి వారాలు గడుస్తాయి. ఒక్క వాచీతో బతుకుదామనుకునేవారికి ఆ వారాలలో చెయ్యి బోసిగా ఉంటుంది.

పైగా అది టైటానియం. పట్టీతో కలిపి దాదాపు 100 గ్రాములే కనుక చేతికి బరువు తెలియదు, ఆ సుఖం నిజం. అయితే సామాను మోసేటప్పుడు, కారు కింద దూరేటప్పుడు, పిల్లవాడిని ఈతకు తీసుకువెళ్లేటప్పుడు దాన్నే పెట్టుకుంటారా? కలల వాచీ మిగిలిన వాచీల అవసరాన్ని కొంతమేరకు పెంచుతుంది, ఎందుకంటే దానిని కాపాడుకోవడానికి మరొకటి కావాలి.

భూతద్దం
బాబాయ్ గారి మాట సరైనదే. స్ప్రింగ్ డ్రైవ్‌ను నా బల్ల మీద నేనూ విప్పను.

రెండేచాలు
ఒకప్పుడు నా దగ్గర ఇరవై దాకా ఉండేవి. స్టీల్ రోలెక్స్ ఎక్స్‌ప్లోరర్ దొరికాక ఏడాదిలో అన్నిటినీ పంపేసి, దానితోపాటు ఒక జీ-షాక్‌ను మాత్రం ఉంచుకున్నాను. ఇప్పటికి చాలా కాలమైంది, ఒక్కదాని కోసమూ బెంగపడలేదు. వాచీల సంఖ్య తగ్గినందువల్ల అసలు తగ్గినది పొద్దున్నే ఏది పెట్టుకోవాలన్న ఆలోచన, దేనికి కీ ఇవ్వాలి, దేని తేదీ మార్చాలి అన్న చాకిరీ. ముఖ్యంగా ఆటోమేటిక్ ఆగిపోయినప్పుడు, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా చాలా మూవ్‌మెంట్లలో తేదీ చక్రం పళ్లు కలిసి ఉంటాయి గనుక ఆ వేళ తేదీ తిప్పకూడదన్న భయంతో ముల్లులను ముందు ఆరు గంటలకు తేవడం, ఆపైన తేదీ, ఆపైన సమయం. పదింటికి ఈ తంతు చేసేవాడికి వాచీ చూసుకునే తీరిక ఎక్కడ ఉంటుంది?

కీవాచీ
ఆ తంతే నాకు ఇష్టం. మీకు చాకిరీ అనిపించినదే మాకు కాలక్షేపం కనుక, మీ అనుభవం మీకే వర్తిస్తుంది.

తిరగేసినవాడు
ఇక్కడ అందరూ కలల వాచీ శాశ్వతమని, మిగిలినవే పరీక్షకు నిలబడాలని అనుకుంటున్నారు. నాకు జరిగింది తలకిందులుగా ఉంది. జేగర్-లకూల్‌ట్ర్ రివర్సో కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశాను. పోలో ఆటగాళ్లు అద్దం పగలకుండా కేసును తిప్పి పెట్టుకునేలా 1931లో తయారైన వాచీ అన్న కథే నన్ను కట్టిపడేసింది. చేతికొచ్చాక తెలిసింది, నా రోజుకు అది సరిపడదని. 30 మీటర్ల నీటి రక్షణ అంటే వానలో తడవడానికి కూడా జంకే వాచీ, నేనేమో ఎప్పుడూ బయట తిరిగేవాణ్ణి. చివరకు రివర్సోనే అమ్మాను, మిగిలిన ఏడూ ఉన్నాయి, రోజూ ఒకటి పెట్టుకుంటున్నాను. అది నెరవేరిన కోరికే, కాకపోతే అక్కడితో అయిపోయింది. అందువల్ల మంచుడయల్ గారు ముందు పరీక్ష పెట్టవలసింది స్నోఫ్లేక్‌కే.

ఐదోముల్లు
స్నోఫ్లేక్‌ను అమ్మమంటారా! ఈ చర్చను ఇక్కడితో మూసేయండి.

మంచుడయల్
అమ్మనులెండి, కంగారు పడకండి. తిరగేసినవాడు గారి ప్రశ్న మాత్రం మంచిది. స్నోఫ్లేక్‌కు 100 మీటర్ల నీటి రక్షణ ఉంది, నాది చాలావరకు బల్ల దగ్గర కూర్చుని చేసే ఉద్యోగం, కనుక రోజువారీగా సరిపోతుంది.

మీ అందరి మాటలు చదివాక పదకొండింటినీ బయట పెట్టి ఒక్కొక్కదాన్ని చూసుకున్నాను. నాకే ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటి బయటపడింది. ఇబ్బంది వాటి అందంతో కాదు, సమయంతో. స్నోఫ్లేక్‌ను ఒకసారి సరిచేసి పెడితే నెలకు 15 సెకన్ల లోపే తేడా అని తయారీదారు చెబుతాడు, నాది అంతకన్నా తక్కువే తప్పుతోంది. దానికి అలవాటు పడ్డాక పీఆర్‌ఎక్స్ రోజూ కొన్ని సెకన్లు ముందుకు పోవడం కూడా చిరాకు తెప్పిస్తోంది. ఎస్‌కేఎక్స్ సంగతి సరేసరి. దానిలోని 7ఎస్26 మూవ్‌మెంట్‌లో క్రౌన్, అంటే పక్కనుండే కీ గుండీ, లాగితే సెకన్ల ముల్లు ఆగదు, కాబట్టి దానిని సెకనుతో కలపాలంటే క్రౌన్‌ను వెనక్కి మెల్లగా తిప్పిపట్టి ముల్లును బతిమాలి నిలపాలి.

ఎఫ్91
ఒక చిన్న మనవి. మీ డీడబ్ల్యూ-5600 కూడా నెలకు 15 సెకన్ల తేడా అనే కాసియో చెబుతుంది. మీకు కావలసింది కచ్చితత్వమే అయితే కలల వాచీ ముందునుంచీ మీ పెట్టెలోనే ఉంది.

మంచుడయల్
ఈ మాట మా ఇంట్లో ఎవరి కంటా పడకుండా ఉంటే మంచిది.

కీవాచీ
మంచుడయల్ గారు చెప్పిన దానిలోనే నాకు జవాబు కనిపిస్తోంది. స్ప్రింగ్ డ్రైవ్‌లో శక్తి ఇచ్చేది చుట్ట స్ప్రింగే. అయితే చివరి చక్రం సెకనుకు ఎనిమిది చుట్లు తిరుగుతూ కొద్దిపాటి విద్యుత్తు పుట్టిస్తుంది, ఆ విద్యుత్తుతో నడిచే క్వార్ట్జ్ స్ఫటికం చక్రం వేగాన్ని లెక్కగట్టి, అయస్కాంతపు బ్రేకుతో అదుపు చేస్తుంది. అందుకే దానిలో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్ లేదు, టిక్కు లేదు. గొప్ప ఆవిష్కరణ, కాదనను. మీ స్పీడ్‌మాస్టర్‌లోని 1861 గంటకు 21,600 సార్లు, అంటే సెకనుకు ఆరు సార్లు కొట్టుకుంటుంది. పొద్దున్నే క్రౌన్ తిప్పుతుంటే స్ప్రింగు బిగుసుకుపోవడం వేళ్లకు తెలుస్తుంది, పై బటన్ నొక్కగానే క్రోనోగ్రాఫ్, అంటే స్టాప్‌వాచ్, కదలడం తెలుస్తుంది. ఒకటి చేయలేని పనిని రెండోది చేస్తోంది. మీ ఎంపికను డైవర్, డ్రెస్, ఫీల్డ్ అన్న తరగతులను బట్టి చేయకండి. స్నోఫ్లేక్ ఇవ్వలేనిది ఏ వాచీ ఇస్తోందో చూసి చేయండి. ఆ లెక్కన స్పీడ్‌మాస్టర్ మొదట ఉంటుంది, పీఆర్‌ఎక్స్ చివర ఉంటుంది. పీఆర్‌ఎక్స్ కూడా వెండి రంగు లోహపు పట్టీతో రోజూ పెట్టుకునే ఆటోమేటిక్కే కదా, స్నోఫ్లేక్ దాని పనిని పూర్తిగా తీసేసుకుంది.

రాత్రిపాళీ
ఇంతవరకు వచ్చిన అన్ని సలహాలలో ఇది నాకు నచ్చింది. నేను వేచి ఉండమన్నాను గాని, వేచి ఉండి దేనిని కొలవాలో చెప్పలేదు.

బెజెల్‌బాబాయ్
దానికి ఇంకొక వడపోత జోడిస్తాను. మళ్లీ దొరికేవీ దొరకనివీ విడదీయండి. టాంజెంట్ 1992 నుంచి ఉంది, ఇప్పటికీ తయారవుతోంది. బ్లాక్ బే 58 కూడా తయారవుతోంది. అమ్మాక మనసు మారితే కొత్తదే కొనుక్కోవచ్చు. ఎస్‌కేఎక్స్007 తయారీ 2019లో ఆగిపోయింది. దాని స్థానంలో వచ్చిన సీకో 5 స్పోర్ట్స్ చూడటానికి అలాగే ఉన్నా 100 మీటర్ల వాచీ, క్రౌన్‌కు మరలు కూడా లేవు. పాతవి దొరుకుతున్నాయి నిజమే గాని, చాలావాటిలో డయల్, ముల్లులు, అద్దం చుట్టూ ఉండే బెజెల్ మార్చేసి ఉంటాయి. ముల్లు దగ్గర నుంచి అన్నీ అసలువే ఉన్న ఎస్‌కేఎక్స్‌ను అమ్మి ఏం సంపాదిస్తారు? దానిని మోటుపనికి ఉంచుకోండి. సెకన్లు కలపనక్కరలేదు, నిమిషం చాలు.

ఐదోముల్లు
నేనైతే ఎస్‌కేఎక్స్ అమ్మి ట్యూడర్ ఉంచుకునేవాణ్ణి. ట్యూడర్‌కు కచ్చితత్వాన్ని పరీక్షించే స్విస్ సంస్థ కోస్క్ ధ్రువీకరణ ఉంది, 39 మిల్లీమీటర్ల కేసు, పనితనంలో పోలికే లేదు.

బెజెల్‌బాబాయ్
పనితనంలో పోలిక లేదు కనుకనే ట్యూడర్‌కు గీత పడితే ఆయన బాధపడతారు. గీత పడినా బాధ కలగని వాచీ ఒకటి కావాలన్నదే కదా ఇక్కడి ప్రశ్న.

కొత్తచేరిక
అమ్మాలనుకుంటే అన్నీ ఒకేసారి వ్యాపారికి ఇచ్చేయడం మంచిదా, విడివిడిగా అమ్మడం మంచిదా? నా పెట్టె కూడా నిండుతోంది కనుక అడుగుతున్నాను.

లెక్కలపుస్తకం
వ్యాపారి తన లాభాన్ని మినహాయించుకుని ధర చెబుతాడు, కనుక తక్కువ వస్తుంది, తలనొప్పి కూడా తక్కువే. విడిగా అమ్మితే ఎక్కువ వస్తుంది గాని, ఫొటోలు, బేరాలు, “చివరి ధర చెప్పండి” అని అడిగి మాయమయ్యేవారు, ఇవన్నీ మీవే. నేను ధర ఎక్కువున్న వాటిని విడిగా అమ్ముతాను. పెట్టె, వారంటీ కార్డు, తీసి పక్కన పెట్టిన పట్టీ లింకులు, సర్వీసింగ్ రసీదులు ఉంటే కొనేవారికి నమ్మకం కలుగుతుంది. అమ్మే ముందు మెరుగు పెట్టించకండి, పాలిష్‌కు కేసు అంచులు గుండ్రబడతాయి, తెలిసినవారు ముందు అంచులే చూస్తారు. మరొక మాట, 2022 మొదట్లో పాత వాచీల ధరలు శిఖరానికి చేరి ఆ తరువాత దిగాయి. అప్పటి ధరలు గుర్తుపెట్టుకుని అవే వస్తాయని కూర్చోకండి.

రెండేచాలు
తక్కువ ధరవాటిని అమ్మడానికి పడే శ్రమ కూలికి కూడా గిట్టదు. బాంబినో, సీకో 5 వంటివి వాచీల మీద ఇప్పుడిప్పుడే ఆసక్తి పుడుతున్న పిల్లలెవరికైనా ఇచ్చేయండి.

తిరగేసినవాడు
ఆ పిల్లలు పదేళ్ల తరువాత ఇక్కడికే వచ్చి ఇదే ప్రశ్న అడుగుతారు.

మంచుడయల్
ఒక నిర్ణయానికి వచ్చాను, అయితే ఒక్కసారిగా కాదు. మామయ్య వాచీ, స్పీడ్‌మాస్టర్, ఎస్‌కేఎక్స్, కాసియో ఉంటాయి. పీఆర్‌ఎక్స్‌ను, ఖాకీని ముందు అమ్మకానికి పెడతాను. కీవాచీ గారు చెప్పిన కొలతతో చూస్తే ఖాకీ చేసే పని స్పీడ్‌మాస్టర్ చేస్తోంది. పేరులేని క్వార్ట్జ్ వాచీలో బ్యాటరీ తీయించాను, భూతద్దం గారు అన్నట్టే అప్పటికే అంచున తెల్లటి పొడి మొదలైంది. మూవ్‌మెంట్ ఇంకా బతికే ఉందట, బాగయ్యాక దానిని, సీకో 5ను మా అన్నయ్య పిల్లలు చెరొకటి తీసుకుంటామన్నారు. బాంబినో సంగతి ఇంకా తేలలేదు.

ట్యూడర్ విషయంలో రెండు రోజులు తర్జనభర్జన పడ్డాను. అది మంచి వాచీ, దానిలో వంక పెట్టలేను, అయినా పెట్టె ఖాళీ అయితే మళ్లీ కొంటానా అని నన్ను నేను ప్రశ్నించుకుంటే కొననన్న సమాధానమే వస్తోంది. టాంజెంట్‌కు మాత్రం కొంటానన్న సమాధానం వచ్చింది, కాబట్టి దానిని కొంతకాలం పక్కన పెట్టి చూస్తాను. దాని తోలు పట్టీ లోపలివైపు పగుళ్లు తీసింది, ముందు అది మార్చాలి.

ఐదోముల్లు
ట్యూడర్‌ను అమ్ముతున్నట్టయితే ముందుగా నాకు చెప్పండి. పట్టీ లింకులన్నీ ఉన్నాయా?

మంచుడయల్
రెండు తీయించాను, పెట్టెలోనే ఉన్నాయి. ఆరు గంటల వైపు కొక్కెం మీద గీతలు పడ్డాయి, కేసుకు ఎప్పుడూ మెరుగు పెట్టించలేదు. పగటి వెలుతురులో ఫొటోలు తీసి మీకు విడిగా పంపుతాను.

రాత్రిపాళీ
ఐదోముల్లు గారూ, మొదటి సలహా మీదే కదా, అమ్మేయమని!

ఐదోముల్లు
అమ్మమన్నాను గాని కొనవద్దని ఎవరికీ చెప్పలేదు. ఫొటోల కోసం చూస్తుంటాను.